నజరే కోటకి వెళ్తే చలికాలంలోనే వెళ్లండి

పోర్చుగల్ ట్రిప్ అంటే మనవాళ్లు లిస్బన్, పోర్టో చూసేసి వచ్చేస్తారు, మధ్యలో సముద్రం ఒడ్డున నజరే అనే ఊళ్లో ఉన్న సావ్ మిగెల్ కోట మ్యూజియం మాత్రం దయచేసి వదలొద్దు. సర్ఫింగ్‌కి ప్రపంచంలోనే అత్యంత ప్రమాదకరమైన అలల్లో ఒకటి ఈ కోట పక్కనే, ప్రాయా దో నోర్తే బీచ్‌లో లేస్తుంది. టికెట్‌కి పెద్ద ఖర్చేం కాదు.

లోపల సర్ఫర్లు ఇచ్చేసిన బోర్డులు వరసగా పెట్టారు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. దగ్గరికెళ్లి చూడండి, కాళ్లు జారిపోకుండా స్ట్రాప్‌లు బిగించి ఉంటాయి, ఎందుకంటే అంత స్పీడుగా వచ్చే అలని చేతుల్తో ఈదుకుంటూ అందుకోవడం కష్టం, జెట్ స్కీకి తాడు కట్టి లాక్కెళ్లి వదులుతారు. సముద్రం అడుగున ఉన్న లోయ గురించి చెప్పే గది కూడా ఉంది, అది కంగారుగా దాటేయకండి. ఆ లోయ పొడవు 200 కిలోమీటర్ల పైనే, బాగా లోతున్న చోట దాదాపు 5 కిలోమీటర్లు, అలాగే ఒడ్డు దాకా వచ్చేస్తుంది. లోయ మీదుగా వచ్చే అల వేగం తగ్గదు, పక్కన లోతు తక్కువున్న చోట వచ్చేది నెమ్మదిస్తుంది, రెండూ ఒడ్డు దగ్గర కలిసి ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఇదంతా తెలుసుకుని కోట పైకెక్కి సముద్రం చూస్తుంటే, 2020 అక్టోబర్‌లో సర్ఫర్ సెబాస్టియన్ స్టాయిట్నర్ ఎక్కిన 86 అడుగుల అల గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. మాయా గబేరా అనే సర్ఫర్ 2013లో ఇక్కడే స్పృహ తప్పి మునిగిపోతే తోటి సర్ఫర్ కార్లోస్ బుర్లే ఒడ్డుకి లాక్కొచ్చాడు, సీపీఆర్ చేసి బతికించారు, అయినా ఆమె మళ్లీ ఇక్కడికే వచ్చి 2020లో 73.5 అడుగుల అలతో మహిళల రికార్డు కొట్టింది, ఎంత గుండె ధైర్యం అండీ! మార్సియో ఫ్రెయిరే అంతటి అనుభవం ఉన్న సర్ఫర్ 2023 జనవరిలో ఇక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు.

నా కంప్లైంట్ అల్లా మేం బుక్ చేసుకున్న డే టూర్ వాళ్ల మీదే, గంట కూడా ఆపకుండా బస్సెక్కమన్నారు, కోట చూడ్డానికే చాలదు ఆ టైమ్. సొంతంగా వెళ్లడం మేలు. అక్టోబర్ నుంచి మార్చి మధ్యలో అలల ఫోర్‌కాస్ట్ చూసుకుని వెళ్లండి, ఎండాకాలంలో వెళ్తే చెరువులా కనిపించినా ఆశ్చర్యం లేదు. పెద్ద అలలొచ్చే రోజు కారు పెట్టుకునే చోటు దొరకదు, కింద బీచ్ నుంచి ఫ్యూనిక్యులర్ (కొండెక్కే పట్టాల బండి) ఎక్కి కొండ మీదున్న సీటియో పేటలో దిగి నడిచెళ్లిపోండి. పిల్లలుంటే కొండ అంచున చెయ్యి వదలొద్దు, గాలి చాలా గట్టిగా కొడుతుంది. 5కి 4.5 ఇస్తా.