తవ్వకుండా డ్రైనేజీ పైపు బాగుచేసే పని: కర్నూలు ఇళ్ళకు ఎంతవరకు పనికొస్తుంది?

రెసిన్ (జిగురులా ఉండి తర్వాత గట్టిపడే రసాయనం) తాగించిన గుడ్డ గొట్టాన్ని, అంటే లైనరును, పగిలిన పైపులోకి పంపి, గాలితో ఉబ్బించి, గట్టిపడేదాకా అలాగే పట్టి ఉంచడమే ఈ పని. గట్టిపడ్డాక పాత పైపు లోపల జాయింట్లు లేని కొత్త పైపు తయారై ఉంటుంది. 1971లో లండన్‌లో ఎరిక్ వుడ్ అనే ఇంజినీరు ఒక పాత ఇటుకల మురుగుకాలువకు మొదటిసారి ఇలా లైనింగ్ వేశాడు. కర్నూలులో ఇల్లో, లాడ్జీయో, ఆసుపత్రో ఉండి, బండలు పగలగొట్టకుండా లైను బాగుచేయించాలనుకునేవాళ్ళ కోసం ఈ సమీక్ష.

తీర్పు ముందే చెప్పేస్తాం. పగుళ్ళకు, జాయింట్ల లీకేజీకి, చొరబడిన చెట్ల వేళ్ళకు ఇది బాగా పనిచేస్తుంది. వాటం (నీరు పారే వాలు) పోయిన లైనుకు మాత్రం శుద్ధ దండగ. మీ లైను ఈ రెండింట్లో ఏదో కెమెరా పెట్టి చూస్తే తప్ప తెలియదు. కాబట్టి పని ఎవరికివ్వాలో వాళ్ళు కెమెరా ఎలా వాడుతున్నారో చూసి తేల్చుకోండి.

మన దగ్గర పైపులు ఎందుకు పగులుతాయో తెలిస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. కర్నూలు చుట్టుపక్కల నల్లరేగడి ఉన్న చోట్ల నేల ఎండాకాలం బీటలు వారుతుంది, వానలు పడితే ఉబ్బుతుంది. ఆ మట్టిలో ఉన్న పైపు ఏటా అంతో ఇంతో కదులుతుంది. పాత స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపులు రెండడుగుల ముక్కలు కాబట్టి పది మీటర్ల లైనులో 15, 16 జాయింట్లుంటాయి, వాటికి పెట్టేది సిమెంటు. సిమెంటు వంగదు, చిట్లుతుంది. చిట్లిన చోట మురుగునీరు బయటికి ఊరుతుంది, ఆ తడిని వెతుక్కుంటూ వేప, రావి, కానుగ వేళ్ళు లోపలికొస్తాయి. సిమెంటు హ్యూమ్ పైపులది వేరే జబ్బు. మురుగు నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పైపు నెత్తిన ఉండే బ్యాక్టీరియా సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారుస్తుంది, దాంతో పైభాగం తినేసినట్టు అయిపోతుంది. ఇక కొత్త ఇళ్ళలో పీవీసీ ఉన్నా గొడవలొస్తున్నాయంటే, గోడకు బిగించాల్సిన ఎస్‌డబ్ల్యూఆర్ (మలం, వాడిన నీళ్ళు, వాన నీళ్ళు పోయే) పైపును భూమిలో పూడ్చడం ఒక కారణం. అందులోనూ వాన నీళ్ళకు, గాలి గొట్టాలకు ఉద్దేశించిన 'ఎ' రకం పలుచనిది వేస్తే కారు ఎక్కగానే అణిగిపోతుంది. భూమిలో వేయడానికి ఐఎస్ 15328 ముద్ర ఉన్న పైపు వేరే ఉంది.

ఇంకో సంగతి ప్రాణాలకు సంబంధించింది. మున్సిపల్ నీళ్ళు రోజంతా రావు కాబట్టి చాలా ఇళ్ళలో నేలలో సంపు ఉంటుంది. సెప్టిక్ ట్యాంకుకు పోయే లైను దానికి రెండు మూడు అడుగుల దూరంలోనే పోతూ ఉంటుంది. ఆ లైను లీకై, సంపు గోడకు చిన్న పగులు ఉంటే మురుగు తాగేనీళ్ళలో కలుస్తుంది. సంపు పక్కన లైను ఉన్నవాళ్ళు వాసన వచ్చేదాకా ఆగకండి.

కెమెరా విషయానికి వద్దాం. నాలుగు, ఆరంగుళాల లైనుకు పొడవాటి కడ్డీ చివర బిగించిన కెమెరా చాలు. కెమెరా ఎంత దూరం పోయిందో తెర మీద మీటర్లలో కనిపించాలి. కెమెరా తలలో 512 హెర్ట్జ్ సంకేతం పంపే పరికరం ఉంటే, పైన లొకేటరుతో నడుస్తూ నేల మీద సరిగ్గా ఎక్కడ పగిలిందో, ఎంత లోతులో ఉందో సుద్దతో గీయవచ్చు. వీడియోలో చూడాల్సిన ముఖ్యమైన గుర్తు నీళ్ళు. పైన ఎవరూ నీళ్ళు వాడనప్పుడు కూడా కెమెరా ఒకచోట నీళ్ళలో మునిగి, కొంత దూరం పోయాక తేలితే అక్కడ పైపు కుంగిందని అర్థం. లైనర్ పాత పైపు ఎలా ఉంటే అలాగే అతుక్కుంటుంది. గుంట ఉంటే గుంటతో సహా గట్టిపడుతుంది, మలం అక్కడే నిలుస్తుంది, లైను మళ్ళీ జామవుతుంది. నాలుగంగుళాల లైనుకు 40 అడుగులకో 60 అడుగులకో అడుగు వాటం ఉండాలి. అది పోయిన ముక్కను తవ్వి తీయడమే దారి.

కెమెరా పెట్టకుండా, ఫోన్లోనే మీటరుకు ఇంత అని రేటు చెప్పేవాళ్ళకు ఈ పని ఇవ్వకండి. వీడియో కాపీ పెన్‌డ్రైవులో మీ చేతికి రావాలి, పని ముందుదీ తర్వాతదీ రెండూ.

తర్వాత శుభ్రం చేయడం. ఇది తొందరగా ముగించేస్తే మిగతాదంతా వృథా. నీళ్ళను గట్టిగా చిమ్మే జెట్టింగ్ మిషనుతో పూడిక, జిడ్డు పోతాయి. బోరు నీళ్ళ సున్నపు గార, ముదిరిన వేళ్ళు మాత్రం జెట్టుకు లొంగవు, తిరిగే గొలుసుల కట్టరు కావాలి. వేరు మొదలు అరంగుళం మిగిలినా లైనరు అక్కడ బుడిపెలా ఉబ్బుతుంది, కాగితాలు, గుడ్డలు దానికే తట్టుకుంటాయి. పగిలి వదులైన స్టోన్‌వేర్ మీద జెట్టు ప్రెషరు పెంచితే పెంకులు ఊడి పైపే కూలుతుంది కాబట్టి చేయి తిరిగినవాళ్ళు తక్కువతో మొదలుపెట్టి కెమెరాలో చూసుకుంటూ పెంచుతారు.

ఇక రెసిన్. రాయలసీమలో ఈ పని చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. నాలుగంగుళాల పైపుకు 3 మిల్లీమీటర్ల లైనరు వేస్తే మీటరుకు దాదాపు కిలో రెసిన్ పడుతుంది. ఆరంగుళాల పైపుకు నాలుగున్నర మిల్లీమీటర్లయితే మీటరుకు రెండు కిలోలు. అంటే 12 మీటర్ల నాలుగంగుళాల లైనుకు 12 కిలోలు. ఎనిమిది కిలోలతో లాగించారంటే గుడ్డలో పొడి మచ్చలు మిగిలినట్టే, ఆ మచ్చల్లోంచి నీళ్ళు కారతాయి. రెసిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కంపెనీ చెప్పిన పాళ్ళలో తూకం వేసి కలపాలి. డబ్బా గీతలు చూసి కలిపేవాళ్ళను అక్కడే ఆపండి. కలిపింది గొట్టంలో పోసి, లోపలి గాలిని వాక్యూమ్ పంపుతో లాగి, రెండు రోలర్ల మధ్య నడిపిస్తారు. పరిచిన గొట్టానికి రెండు పొరలుంటాయి కాబట్టి 3 మిల్లీమీటర్ల లైనరుకు రోలర్ల సందు 6 కంటే కొంచెం ఎక్కువ పెడతారు. గుడ్డ అంతటా ఒకే రంగులోకి రావాలి, తెల్లగా ఎక్కడా కనిపించకూడదు.

ఎపాక్సీ రకం రెసిన్ డబ్బా మీద, కలిపాక గట్టిపడేలోపు ఉంటుందని రాసిన సమయం 25 డిగ్రీల వేడికి లెక్క. స్థూలంగా పది డిగ్రీలు పెరిగితే సమయం సగమవుతుంది. 30 నిమిషాలుండే రెసిన్ 35 డిగ్రీల దగ్గర పావుగంట, మే నెల మధ్యాహ్నం ఎండలో ఏడెనిమిది నిమిషాలే. పైగా బకెట్టులో కుప్పగా ఉంటే దాని వేడికి అదే ఉడికి పొగలొస్తాయి. అలా సగం గట్టిపడిన లైనరును లోపలికి తోస్తే మధ్యలో ఆగిపోతుంది, అప్పుడు ఆ ముక్క కోసం నేల తవ్వక తప్పదు. అందుకే ఎండాకాలం పని తెల్లవారుజామున మొదలుపెట్టాలి. రెసిన్ డబ్బాలు ముందు రాత్రంతా ఏసీ గదిలో ఉంచాలి, నెమ్మదిగా గట్టిపడే హార్డెనర్ తెప్పించాలి, తడిపిన లైనరును పైపు దగ్గరికి తెచ్చేలోపు నీరు తగలకుండా ప్లాస్టిక్‌లో చుట్టి ఐసు మీద పెట్టాలి. ఆగగలిగినవాళ్ళు డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య చేయించుకోండి. అప్పుడు చల్లగా ఉంటుంది, వానలూ ఉండవు. హంద్రీ ఒడ్డున గానీ కడపలో బుగ్గవంక పక్కన గానీ ఇల్లుంటే ఇది ఇంకా ముఖ్యం. వానల్లో నేలలోని నీరు పగుళ్ళలోంచి పైపులోకి ఊరుతూ ఉంటే గట్టిపడకముందే రెసిన్ కొట్టుకుపోతుంది.

కలిపిన రెసిన్‌లో గుక్కెడు చిన్న గ్లాసులో పోసి పక్కన పెట్టమనండి. అది రాయిలా గట్టిపడిందో లేదో చూశాకే లైనరును ఉబ్బించిన గాలి తీసేయాలి.

లోపలికి పంపడం చూడ్డానికి బాగుంటుంది. డ్రమ్ములో చుట్టిన లైనరు కొన మూతికి మడిచి క్లిప్పు బిగించి గాలి పెడితే, సాక్సు తిరగేసినట్టు లోపలి వైపు బయటికి తిరుగుతూ ముందుకు పోతుంది. చిన్న పైపులకు సాధారణంగా అర బార్ నుంచి ఒక బార్ మధ్య ప్రెషరు సరిపోతుంది. గట్టిపడేదాకా ఆ ప్రెషరు ఒక్క నిమిషం కూడా తగ్గకూడదు. కరెంటు పోయి కంప్రెషరు ఆగితే లైనరు నెత్తి జారి మడత పడుతుంది, కాబట్టి జనరేటరో డీజిల్ కంప్రెషరో ఉందా అని ముందే అడగండి. ఆ గంటల్లో ఇంట్లో ఎవరూ నీళ్ళు వదలకూడదు. మూడో అంతస్తులో ఒక్కరు బకెట్టు పోసినా అది కింది ఇంటి బాత్రూములో పొంగుతుంది. అపార్టుమెంటయితే పైట్యాంకు వాల్వు కట్టేయడమే క్షేమం.

పాలిస్టర్ రెసిన్ వాడితే అందులోని స్టైరీన్ అనే రసాయనం వాసన ఘాటుగా వస్తుంది, కళ్ళు మండుతాయి. బాత్రూము నేలలో వాసన పైకి రాకుండా నీళ్ళు నిలిచే నహానీ ట్రాపుల్లో నీళ్ళు ఎండిపోయి ఉంటే ఆ వాసన నేరుగా పడకగదుల్లోకి వస్తుంది. పని ముందు ప్రతి ట్రాపులో ఓ చెంబు నీళ్ళు పోయండి. ఇళ్ళకైతే ఎపాక్సీ అడగడమే మంచిది.

లైనరు దారిలో కలిసే ప్రతి బాత్రూము పైపును మూసేస్తుంది. వాటిని లోపలినుంచే కట్టరుతో మళ్ళీ తెరవాలి. ముందు తీసిన వీడియోలో ఏ బాత్రూము పైపు ఎన్ని మీటర్ల దగ్గర కలుస్తుందో రాసుకోకపోతే ఒకటి మరిచిపోతారు, ఆ బాత్రూము అదే రోజు నిండుతుంది. కోసిన అంచులు గరుకుగా వదిలేసినా తర్వాత వెంట్రుకలు చిక్కుకుంటాయి. ఛాంబరు దగ్గర రెండు కొసలూ ఎపాక్సీ పుట్టీతో గానీ నీటికి ఉబ్బే రబ్బరు రింగుతో గానీ మూయాలి, లేకుంటే పాత పైపుకూ లైనరుకూ మధ్య నీరు నడుస్తుంది. దీన్ని వదిలేసేవాళ్ళు చాలామంది.

పైపు సన్నబడుతుందనే భయం అక్కర్లేదు. 100 మిల్లీమీటర్లది 94 అవుతుంది గానీ లోపల నున్నగా, జాయింట్లు లేకుండా ఉండటంతో పారే నీరు తగ్గదు.

లైనులో ఒక్కచోటే పగులుంటే మొత్తం లైనింగ్ అమ్మజూపుతారు, ఒప్పుకోకండి. గాలితో ఉబ్బే రబ్బరు ప్యాకరుకు రెసిన్ పూసిన గ్లాస్‌ఫైబరు గుడ్డ చుట్టి, ఆ చోటుకు తోసి ఉబ్బిస్తే రెండడుగుల అతుకు పడుతుంది, గంటా రెండు గంటల్లో అయిపోతుంది. పైపు పూర్తిగా అణిగిపోయిన చోట గానీ పెద్ద సైజు వేయాలన్నప్పుడు గానీ లైనింగ్ పనికిరాదు. అక్కడ రెండు చివరలా గుంతలు తీసి, పాత పైపును ఉక్కు తలతో పగలగొడుతూ దాని వెంట హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపును లాగే పద్ధతి ఉంది. స్టోన్‌వేర్ దానికి బాగా పగులుతుంది. కానీ నల్లరేగడిలో, అదీ నీళ్ళ పైపు గానీ కాంపౌండు గోడ పునాది గానీ దగ్గరగా ఉంటే, పక్కకు నెట్టుకున్న మట్టి వాటిని కదిలిస్తుంది. ఇరుకు సందుల్లో మేము దాన్ని సిఫారసు చేయం.

అసలు తవ్వడమే మేలైన ఇళ్ళు ఇక్కడ చాలా ఉన్నాయి. బేతంచెర్ల బండలు, కడప బండలు ఇసుక మీదో పలుచని సున్నం మీదో పరిచి ఉంటే మంచి మేస్త్రీ పగలకుండా లేపి మళ్ళీ పరుస్తాడు. మూడడుగుల లోపు లోతు, ఖాళీ పెరడు, పది మీటర్ల లోపు లైను అయితే తవ్వి ఐఎస్ 15328 పైపు వేసుకోండి, వాటమూ సరిపోతుంది. సిమెంటు రోడ్డు, మెట్లు, పార్కింగు స్లాబు, ఆపలేని ఆసుపత్రి వార్డు వీటి కింద లైను ఉన్నప్పుడే లైనింగుకు పెట్టే డబ్బుకు న్యాయం జరుగుతుంది. పైపు మీది బండను తట్టితే డొల్లగా మోగిందంటే కింద మట్టి కొట్టుకుపోయింది. ఆ ఖాళీని సిమెంటు గ్రౌటుతో నింపకుండా లైనింగ్ ఒక్కటే వేస్తే నేల కుంగడం ఆగదు.

కొటేషన్లో కెమెరా, జెట్టింగ్, వేళ్ళు కోయడం, లైనరు మందం, రెసిన్ రకం, కలిసే బాత్రూము పైపులు తెరవడం, కొసల సీలింగు విడివిడిగా రాయించుకోండి. మొత్తం ఒకే అంకెగా ఉంటే చివర్లో 'అది వేరే' అనే మాట వస్తుంది. పని కోసం మనిషి మ్యాన్‌హోల్లోకో సెప్టిక్ ట్యాంకులోకో దిగుతానంటే ఒప్పుకోవద్దు. రక్షణ సామగ్రి లేకుండా మురుగులోకి మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. మురుగుకాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. లోపలి విషవాయువుకు ఒక్క శ్వాస చాలు. ఈ పద్ధతిలో అన్నీ పైనుంచే చేయవచ్చు, మనిషిని దించాల్సి వస్తోందంటే వాళ్ళ దగ్గర సరైన సామాను లేదు.

డబ్బు మొత్తం ఇచ్చేముందు కింది కొసను గాలి ప్లగ్గుతో మూసి, పై ఛాంబరులో పైపు నెత్తి మునిగేదాకా నీళ్ళు నింపి, మట్టం గీసి, అరగంట చూడండి. తర్వాత లైను ఎప్పుడైనా జామైతే ఇనుప కొక్కేలున్న స్ప్రింగు, పదునైన వెదురు బద్ద వాడనివ్వకండి, లైనరు చీలుతుంది. నీళ్ళ జెట్టు చాలు, ఆ సంగతి ఛాంబరు మూత లోపలి వైపు పెయింటుతో రాసి పెట్టండి, వచ్చే ప్లంబరుకు కనపడుతుంది.