స్లైడ్ గిటార్‌కు ఓపెన్ డీనా, ఓపెన్ జీనా?

పాలమూరు, నల్లగొండ ఊళ్లల్లో భజనకో జానపదానికో స్లైడ్ (తీగల మీద జార్చే గొట్టం) పట్టేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. ఓపెన్ డీ, ఓపెన్ జీ అంటే ఏ ఫ్రెట్ నొక్కకుండా తీగలన్నీ మీటినా డీ మేజర్ లేదా జీ మేజర్ కార్డ్ మోగేలా చేసే శ్రుతులు.

శ్రమ: మామూలు గిటార్ శ్రుతి నుంచి జీకి 6, 5, 1 తీగలు (6 అన్నింటికన్నా లావుది) రెండేసి ఫ్రెట్ల మేర (ఫ్రెట్ అంటే మెడ మీది అడ్డపట్టీ, ఒక్కోటి అర స్వరం) దించితే చాలు. డీకి 6, 2, 1 అంతే దించి, 3వది ఒక్క ఫ్రెట్ దించాలి.

రిస్క్, ఖర్చు: రెండింటిలోనూ తీగలు వదులే అవుతాయి, తెగే భయం లేదు. స్లైడ్ ఫ్రెట్లకు తగిలి గరగరమంటే కాస్త లావు తీగల సెట్ వేయండి.

అసలు తేడా స్వరాల్లో ఉంది. లావు తీగ నుంచి లెక్కిస్తే డీ: స ప స గ ప స. జీ: ప స ప స గ ప. డీలో రెండు అంచులా షడ్జమమే, పక్కన తంబూరా మోగుతున్నట్టే ఉంటుంది. జీలో ఆరో తీగ పంచమం, అది మోగితే ఆధారం పక్కకు జరుగుతుంది. రోలింగ్ స్టోన్స్ గిటారిస్ట్ కీత్ రిచర్డ్స్ జీలో ఆ తీగనే తీసేస్తాడు. రెండింటిలోనూ ఉన్నది అంతర గాంధారం (పై గ). మోహన రాగానికి హాయి. ఆభేరి రాగంలో ఉండేది సాధారణ గాంధారం (కింది గ) కాబట్టి ఆ గ తీగను వేలితో అణచాల్సిందే.

రెండు శ్రుతిలో (అంటే డీ) పాడే మగ గొంతు పక్కన డీ. ఐదు శ్రుతిలో (అంటే జీ) పాడే ఆడ గొంతుకు జీ. ఒంటరిగా, గొంతు లేకుండా వాయించేవాళ్లకు నేను డీనే చెబుతాను.