కొత్త కారు సర్వీస్‌కి ఇచ్చేవాళ్లకు హెచ్చరిక: బిల్లులో ఆయిల్ ఫిల్టర్ మారింది, కారులో మారలేదు

కొత్త కారు కొని ఏడాది నిండినవాళ్లు, నిండబోతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఇదేదో సందు చివరి షెడ్డులో జరిగింది కాదు. కారు అమ్మిన కంపెనీ ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌లోనే జరిగింది.

మొదటి సర్వీస్ 1,000 కిలోమీటర్ల దగ్గర అయిపోయింది. అందులో పెద్దగా ఏమీ ఉండదు. బోల్టులు బిగుతుగా ఉన్నాయా, ఎక్కడైనా లీకులున్నాయా, ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ లెవెల్స్ సరిగ్గా ఉన్నాయా అని చూసి ఇచ్చేశారు. నా కారుకి ఆయిల్ మార్చాల్సింది 10,000 కిలోమీటర్లకు. ఏడాది దగ్గర పడేసరికి మీటర్ మీద 6,400 మాత్రమే ఉంది. ఇంకా చాలా టైముంది కదా అని వదిలేద్దామనుకున్నాను. ఎందుకైనా మంచిదని మాన్యువల్ తీస్తే, '10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు, ఏది ముందైతే అది' అని ఉంది. కారు తక్కువ తిరిగినా ఆయిల్ పాడవుతుంది. చిన్న చిన్న దూరాలు వెళ్లి ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తుంటే, ఆవిరైపోవాల్సిన తేమ, సరిగా మండని పెట్రోలు ఆయిల్లోనే ఉండిపోతాయి. పైగా రేపు ఇంజిన్‌కి ఏదైనా వచ్చి వారంటీ అడిగితే ముందు తీసి చూసేది సర్వీస్ రికార్డే. అందుకే గడువులోపే కారు తీసుకెళ్లాను.

అక్కడ సర్వీస్ అడ్వైజర్ కంప్యూటర్ ముందు కూర్చుని వరసగా చదివాడు. ఇంజిన్ ఫ్లష్ (ద్రావకం పోసి ఇంజిన్ లోపల కడగడం), ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ ట్రీట్‌మెంట్. 'ఏడాదికి లోపల కార్బన్ పట్టేస్తుందండి, ఫ్లష్ చేయించకపోతే పికప్ తగ్గిపోతుంది' అన్నాడు. మిగతావి వద్దన్నాను. ఫ్లష్‌కి మాత్రం ఒప్పుకున్నాను. కొత్త ఇంజిన్ కదా, పోనీలే అనిపించింది. ఆ ఒప్పుకోవడమే తప్పు. తర్వాత మాన్యువల్లో మెయింటెనెన్స్ పట్టిక అంతా వెతికితే ఫ్లష్ అన్న మాటే లేదు. మొదటి ఏడాది గడిలో ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాలని ఉంది. మిగతావన్నీ చెక్ చేయాలి, శుభ్రం చేయాలి అనే ఉన్నాయి. బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్లకు. కూలెంట్, స్పార్క్ ప్లగ్గులకు ఇంకా చాలా సమయముంది.

సాయంత్రం కారు తళతళలాడుతూ వచ్చింది, టైర్లకు పాలిష్ కూడా పట్టించారు. బిల్లులో ఇంజిన్ ఆయిల్ మూడున్నర లీటర్లు, ఆయిల్ ఫిల్టర్ ఒకటి, ఆయిల్ కిందికి దించేందుకు విప్పే డ్రెయిన్ బోల్టుకి వాషర్ ఒకటి, ఫ్లష్ ఒక డబ్బా. ఏసీ ఫిల్టర్ శుభ్రం చేశామని కూడా రాశారు. అన్నీ సరిగ్గానే ఉన్నాయని ఇంటికి తెచ్చుకున్నాను.

మూడో రోజు దూర ప్రయాణం ఉంది. దూరం వెళ్లేముందు బానెట్ ఎత్తి ఆయిల్ చూడమని మా నాన్న నాకు చిన్నప్పుడే నేర్పారు. పొద్దున్నే, ఇంజిన్ ఆన్ చేయకముందు, చదునైన చోట నిలిపిన కారులో డిప్‌స్టిక్, అంటే ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ, లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీశాను. డిప్‌స్టిక్ చివర రెండు గీతలుంటాయి కదా, ఆయిల్ ఆ రెంటి మధ్య ఉండాలి. నాకు పై గీత దాటి వేలి మందం పైకి తడి కనిపించింది. సరిగా తుడవలేదేమో అనుకుని మూడుసార్లు చూశాను. మూడుసార్లూ అంతే. రంగు కూడా కొత్త ఆయిల్లా లేత తేనె రంగులో లేదు, బాగా ముదిరిన గోధుమ రంగులో ఉంది. రంగు ఒక్కటే చూసి మాత్రం మోసం అని తేల్చేయకండి. డీజిల్ కార్లలో కొత్త ఆయిల్ కూడా కాసేపటికే నల్లబడుతుంది. నన్ను భయపెట్టింది లెవెల్.

ఆయిల్ తక్కువైతేనే ప్రమాదం అనుకుంటాం. ఎక్కువైనా ప్రమాదమే. లోపల తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ని తాకితే దాన్ని కవ్వంతో చిలికినట్టు చిలికేస్తుంది, నురగ వస్తుంది. నురగలో గాలి ఉంటుంది కాబట్టి ఆయిల్ ప్రెషర్ సరిగా అందదు. ఆయిల్ బయటికి కారకుండా ఆపే సీళ్ల దగ్గర లీకులు కూడా మొదలవ్వచ్చు.

ప్రయాణం మానుకుని సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేశాను. కారుని వాళ్లే వచ్చి తీసుకెళ్లారు, నేను వెంట వెళ్లాను. 'కొంచెం ఎక్కువుంటే మంచిదేనండి' అన్నది మొదటి జవాబు. లిఫ్ట్ ఎక్కించి చూపించమన్నాను. లిఫ్ట్ ఖాళీ లేదన్నారు. గంటన్నర కూర్చున్నాను.

కారు పైకి లేచాక కింద చూసింది ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. ఇంజిన్ కింది కవర్ క్లిప్పుల మీద ఏడాది బురద ఎండి అట్టకట్టి ఉంది, ఒక్క క్లిప్పు కూడా కదిలిన ఆనవాలు లేదు. కవర్ విప్పాక డ్రెయిన్ బోల్టు మీద అదే దుమ్ము. ఆయిల్ ఫిల్టర్ మీద నుంచి ఇంజిన్ మీదికి ఫ్యాక్టరీలో వేసిన పెయింట్ గీత చెక్కుచెదరకుండా ఉంది. ఫిల్టర్‌ని పావు తిప్పు తిప్పినా ఆ గీత తెగిపోవాలి కదా. అడ్వైజర్ ఏమీ మాట్లాడలేదు. ఒక పెద్దాయన, సీనియర్ మెకానిక్, ఆయన ఒక్కడే నిజం చెప్పాడు. ఆరోజు లిఫ్టులు ఖాళీ లేక డిప్‌స్టిక్ గొట్టంలోంచి మెషీన్‌తో ఆయిల్ పీల్చేశారట.

పైనుంచి పీల్చడమే తప్పు అనను. ఫిల్టర్ పైభాగంలో ఉండే కొన్ని కార్లకు అలా చేస్తారు. నా కారుకి ఫిల్టర్ కింద ఉంది. పాత ఆయిల్ కొంత లోపలే మిగిలిపోయింది, ఫిల్టర్‌లో ఉన్నది ఫిల్టర్‌లోనే ఉంది, దానిపైన ఫిల్టర్ మారిస్తే పట్టే కొలత మొత్తం పోసేశారు. అందుకే లెవెల్ పొంగింది. అన్నిటికంటే బాధేసింది ఫ్లష్ విషయంలో. ఫ్లష్ అంటే పాత ఆయిల్లో పోసి కొన్ని నిమిషాలు ఇంజిన్ నడిపి, కరిగిన మడ్డితో సహా మొత్తం దించెయ్యాల్సిన ద్రావకం. మొత్తం దించకపోతే అది మిగిలిన ఆయిల్లో, కొత్త ఆయిల్లో కలిసిపోయి ఆయిల్‌ని పలచన చేస్తుంది. ఏడాది కారులో మడ్డి లేకపోయినా డబ్బులు తీసుకుని, ఆ ద్రావకంతోనే నన్ను మూడు రోజులు తిప్పారు.

నా ముందే ఆయిల్ మొత్తం కిందికి దించి, కొత్త ఫిల్టర్, కొత్త వాషర్ వేసి, కొలిచి పోశారు. ఫ్లష్ డబ్బులు తిరిగిచ్చారు. జరిగిందంతా జాబ్ కార్డు (చేయాల్సిన పనులు రాసే సర్వీస్ కాగితం) మీద రాసి, తేదీ, మీటర్ రీడింగ్ వేసి, ముద్ర కొట్టి ఇస్తేగాని కదలనన్నాను. ఇచ్చారు. ఇంటికొచ్చి గ్లవ్ బాక్స్ దించి ఏసీ ఫిల్టర్ లాగితే మడతల్లో ఎండుటాకు ముక్కలు, బూజు. శుభ్రం చేశామని రాసింది దాన్నే.

మీరు కారు ఇచ్చేముందు మాన్యువల్లో ఆ సర్వీస్ పేజీ ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. జాబ్ కార్డు మీద సంతకం పెట్టేముందు దాంతో పోల్చండి, అందులో లేనివి కొట్టేయించండి. ఆయిల్ గ్రేడు, 0డబ్ల్యూ-20 కావచ్చు 5డబ్ల్యూ-30 కావచ్చు, మీ మాన్యువల్లో ఏముందో బిల్లులో అదే ఉండాలి. ఫిల్టర్ మార్చినప్పుడు ఎంత ఆయిల్ పడుతుందో కూడా అక్కడే ఉంటుంది. కారు లిఫ్ట్ మీద ఉన్నప్పుడు పిలవమని, పాత ఫిల్టర్ చూపించమని ముందే చెప్పండి. సరిగ్గా చేసేవాళ్లు దీనికి ఏమీ అనుకోరు. ఒకవేళ అడ్వైజర్ పట్టికలో ఉన్నదానికంటే ముందే ఆయిల్ మార్చాలంటే వెంటనే అబద్ధం అనుకోవద్దు. దుమ్ము రోడ్లు, ఎప్పుడూ దగ్గర ప్రయాణాలు, ట్రాఫిక్‌లో గంటలు గంటలు ఇంజిన్ ఆన్‌లో ఉండటం, ఇలాంటి వాడకానికి చాలా మాన్యువల్స్‌లో వేరే పట్టిక ఉంటుంది, గడువు తక్కువ ఉంటుంది. ఆ పట్టిక తీసి చూపించమనండి.

ఈ మధ్యే సర్వీస్ చేయించి ఉంటే రేపు పొద్దున్నే ఇంజిన్ ఆన్ చేయకముందు డిప్‌స్టిక్ ఒక్కసారి చూడండి. లెవెల్ పై గీత బాగా దాటి ఉంటే కారు నడపకండి, మీరే ఆయిల్ తీసే ప్రయత్నం చేయకండి. మీటర్ రీడింగ్‌తో కలిపి ఫోటో తీసి, సర్వీస్ సెంటర్ వాళ్లనే మీ ఇంటికి రమ్మనండి.