నాలుగేళ్ళు వాడిన సౌండ్ మీటర్: రీడింగు మీద కోపం లేదు, దానంతటది ఆరిపోవడం మీదే

నెల్లూరులో మాది మైకుసెట్టు షాపు. నాలుగేళ్ళ కిందట రెండు వేలలోపు పెట్టి ఒక డిజిటల్ సౌండ్ మీటర్ కొన్నాను. దీని మీద నాకున్న కోపం ఒక్కటే. పది పదిహేను నిమిషాలు బటన్ నొక్కకపోతే ఆరిపోతుంది. మళ్ళీ ఆన్ చేస్తే మనం పెట్టిన సీ వెయిటింగ్‌లో (బేస్ మోతని కూడా దాదాపు పూర్తిగా లెక్కేసే పద్ధతి) ఉండదు, ఏ వెయిటింగ్‌లోకి (బేస్‌ని బాగా తగ్గించి లెక్కేసే పద్ధతి) వెళ్ళిపోతుంది.

కావలి దగ్గర ఒక పెళ్ళిలో దీనివల్ల మాటపడ్డాను. సాయంత్రం పింక్ నాయిస్ (బాక్సులు పరీక్షించడానికి పెట్టే, జోరువానలాంటి హోరు) పెట్టి కుడి వైపు బాక్సులు కొలిచాను. సీ లో 92 డెసిబెల్స్ వచ్చింది. ఇంతలో పెళ్ళికూతురి నాన్నగారు పిలిచి వేదిక మీద మైకులు ఎక్కడ పెట్టాలో మాట్లాడారు. తిరిగొచ్చేసరికి మీటర్ ఆరిపోయి ఉంది. ఆన్ చేసి ఎడమ వైపు కొలిస్తే 87. చెవికి రెండు పక్కలా ఒకేలా ఉన్నా మీటర్‌నే నమ్మి ఎడమ వైపు 5 డెసిబెల్స్ పెంచాను. 5 డెసిబెల్స్ అంటే యాంప్ ఇచ్చే పవర్ మూడింతలు దాటుతుంది.

భోజనాల ముందు పాటలు మొదలయ్యాక ఒక పెద్దాయన లేచి నా దగ్గరికొచ్చారు. "ఏందబ్బాయ్, మా పక్కే ఇంత మోత పెట్టినావు? గుండె అదురుతా ఉంది" అన్నారు. వెనక ఆడవాళ్ళు పిల్లల్ని తీసుకుని కుడి పక్కకి మారుతున్నారు. మళ్ళీ కొలుద్దామని మీటర్ ఎత్తితే అప్పుడు కనపడింది, స్క్రీన్ మూలన బియ్యపుగింజంత ఏ అక్షరం. ఏ వెయిటింగ్ 63 హెర్ట్జ్ దగ్గర 26 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది, సీ అయితే అక్కడ ఒక డెసిబెల్ కూడా తగ్గించదు. బేస్ బాక్సుల మోత లెక్కలోకి రాకుండా పోయింది. ఎడమ వైపు తగ్గించి, ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనని చెప్పాను.

ఇక రీడింగు సంగతి. కొన్న కొత్తలో ఒక స్నేహితుడు క్యాలిబ్రేటర్ తెచ్చాడు. మీటర్ మైకు మూతికి తొడిగితే 1000 హెర్ట్జ్‌లో సరిగ్గా 94 డెసిబెల్స్ ఇచ్చే పరికరం అది. మా మీటర్ 93.6 చూపించింది. పెట్టె మీద రాసింది ప్లస్ ఆర్ మైనస్ 1.5, దానికంటే మేలే. ఖరీదైన వాటికి ఇదేం తీసిపోదని మా లైన్లో అందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు కొంచెం తగ్గించి చెప్పాలి. ఆ పరీక్ష జరిగింది 1000 హెర్ట్జ్ దగ్గర ఒక్కచోటే. ఏ అయినా సీ అయినా అక్కడ తేడా సున్నా. తర్వాత క్యాలిబ్రేషన్ ఫైల్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత తేడా చెబుతుందో రాసిన ఫైల్) ఉన్న మెజర్‌మెంట్ మైకు, అంటే కొలతల కోసమే చేసిన మైకు, పక్కన పెట్టి చూస్తే, 50 హెర్ట్జ్ దగ్గర మాది 3 డెసిబెల్స్ తక్కువ చెప్పింది. ఈ ఏడాది అదే క్యాలిబ్రేటర్‌కి 92.3 చూపించింది. లోపల సరిచేసే చిన్న స్క్రూ ఉంది కానీ, సొంత క్యాలిబ్రేటర్ లేకుండా దాన్ని ముట్టుకోను.

మైపాడు బీచ్‌లో స్పాంజి తొడుగు పెట్టినా గాలికే సీ లో 70 దాటింది, పాట ఇంకా మొదలే కాలేదు. అర్ధరాత్రి తలుపులన్నీ మూసిన గదిలో కూడా 36 కిందికి దిగలేదు. రికార్డింగ్ గదిలో నిశ్శబ్దం కొలవాలనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు.

వినాయక చవితికి మాత్రం దీన్ని తీసుకుపోకుండా ఉండను. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళ మధ్య పందిరైతే పగలు హద్దు దగ్గర 65 దాటకూడదు, రాత్రి 10 తర్వాత మామూలుగా మైకే పెట్టకూడదు. అక్కడ కొలవాల్సింది ఏ లోనే కాబట్టి ఆరిపోయి వెలిగినా నష్టం లేదు. నేను 62 దగ్గరే ఆపుతాను, మిగిలిన 3 డెసిబెల్స్‌ని మీటర్ చేసే తప్పుకి వదిలేస్తాను.

రెండు పక్కలా సమానంగా ఉందా లేదా చూసుకునే నాలాంటివాళ్ళకి ఈ ధరలో ఇది చాలు. ఎవరితోనైనా వాదనకి దిగి నంబరు చూపించాల్సిన పనైతే దీన్ని నమ్ముకోవద్దు. ఈసారి కొంటే మాత్రం ఏ, సీ లకి బటన్ కాకుండా పక్కకి జరిపే స్విచ్ ఉన్నదే కొంటాను. అప్పటిదాకా నేను రీడింగు కంటే ముందు అక్షరం పైకి చదువుతాను, "సీ, 92" అని. మా తమ్ముడు రెండూ రాసుకుంటాడు.