ఆరేళ్లుగా టోపోషీట్ పట్టుకుని: హైదరాబాద్ చుట్టూ గుట్టల వేట

ఆరేళ్ల కిందట, డిసెంబరు చలికి ఆశపడి, నగరానికి 70 కిలోమీటర్ల దూరంలో ‘లేక్ వ్యూ క్యాంపింగ్’ అని పేరు పెట్టిన చోటికి ముందే డబ్బు కట్టి వెళ్లాం. రేటింగ్ 4.7. తీరా చూస్తే, చెరువు కనబడాలంటే టాయిలెట్ల వెనక్కి వెళ్లి నిలబడాలి. టెంట్‌కీ టెంట్‌కీ మధ్య రెండు మూరలు. రాత్రి ఒంటిగంట దాకా డీజే. అది ఆగాక పక్క టెంట్‌లో ఆయన గురక మొదలైంది. మా అబ్బాయి దిగ్గున లేచి కూర్చుని ‘నాన్నా, పులి’ అన్నాడు.

ఆ రేటింగ్ ఇచ్చినవాళ్లు అబద్ధం చెప్పారని అనను. వాళ్లకు కావలసింది బిర్యానీ, పాటలు, ఫోటోలు. నాకు కావలసింది నడవడానికి ఒక గుట్ట, పడుకోవడానికి చదునైన నేల, దగ్గర్లో నీళ్లు, చుట్టూ నిశ్శబ్దం. ఆ నాలుగూ కలిసి ఉన్న చోటుకి స్టార్లు ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు, ఎందుకంటే అక్కడికి వెళ్లినవాళ్లే తక్కువ. అప్పుడే ఆఫీసులో ఒక సివిల్ ఇంజనీరు మిత్రుడు ‘యాప్‌లు మానేసి టోపోషీట్ చూడు’ అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆరేళ్లు తిరిగాక రాస్తున్న సమీక్ష ఇది. ముందే చెప్పేస్తాను: ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో చెప్పడానికే సగం వ్యాసం పడుతుంది.

టోపోషీట్ అంటే సర్వే ఆఫ్ ఇండియా వేసే మ్యాప్. 1767లో మొదలైన సంస్థ అది. 250 ఏళ్లు నిండిన 2017లో ‘నక్షే’ అనే పోర్టల్ పెట్టి, 1:50,000 స్కేలు మ్యాప్‌లను ఉచితంగా దింపుకోనిచ్చింది. ఒక్కో షీటు దాదాపు 27 కిలోమీటర్ల చదరం. అందులో రెండు సెంటీమీటర్లు నేలమీద ఒక కిలోమీటరు. షీట్లకు పాత నంబర్ల లెక్కలో హైదరాబాద్ 56కె శ్రేణిలోకి వస్తుంది. నగరం చుట్టూ గంటన్నర ప్రయాణం వరకూ ఓ పది షీట్లు ఉంటే చాలు.

మొదటి నెల ఆ పీడీఎఫ్ తెరిచి గాభరా పడ్డాను. బల్ల మీద పురుగులు పారినట్టు అన్నీ గీతలే. అలవాటయ్యాక అంత తేలికైనది ఇంకోటి లేదు. గోధుమరంగు గీతలు ఎత్తుకి. మన షీట్లలో సాధారణంగా గీతకీ గీతకీ మధ్య 20 మీటర్లు. ఐదు గీతలు దాటితే వంద మీటర్లు ఎక్కినట్టు. గీతలు దగ్గర దగ్గరగా ఇరుక్కుని ఉన్నవైపు ఎక్కకూడదు, విడివిడిగా ఉన్నవైపు నుంచి ఎక్కాలి. రెండు గుట్టల మధ్య గీతలు లోపలికి వంగి నడుములా సన్నబడితే, అక్కడ చాలావరకు బాట ఉంటుంది, ఎందుకంటే పశువులు కూడా సులువైన దారే చూసుకుంటాయి. ఎర్ర చుక్కల గీత కాలిబాట. నీలం అంటే ఏడాదంతా నీళ్లుండే వాగో చెరువో. నల్ల గీత అంటే ఎండిపోయే వాగు. టెంట్ వేసుకునేవాడికి నీలానికీ నలుపుకీ ఉన్న ఈ తేడా ఒక్కటే సగం ప్రాణం.

రాచకొండ నాకు అలా దొరికిందే. ఆ పేరు చెప్తే సిటీలో అందరికీ ఆ పేరుతో ఉండిన పోలీసు కమిషనరేటే గుర్తొస్తుంది, గుట్టలు కాదు. విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాకా వెళ్లి లోపలికి తిరిగితే, సంస్థాన్ నారాయణపురం మండలంలో ఉంది ఆ ఊరు. 14వ శతాబ్దంలో రేచర్ల పద్మనాయకుల రాజధాని. ఇప్పుడు కోటగోడలు, ద్వారాలు, పాడుబడ్డ గుళ్లు, మధ్యలో బండలే బండలు. దసరా దీపావళి మధ్య వెళ్తే దారిపొడవునా సీతాఫలాలు. ఎనిమిదిసార్లు వెళ్లాను, ఒకే దారిన రెండోసారి దిగలేదు.

టోపోషీట్ నన్ను దారుణంగా దెబ్బకొట్టింది కూడా అక్కడే. గీతలు చూసి ‘నెమ్మదైన వాలు, గంటలో పైన ఉంటాం’ అని ముగ్గుర్ని వెంటేసుకుని బయల్దేరాను. పావుగంటలో మా ముందు నిట్టనిలువు బండ, నాలుగైదు అంతస్తుల ఎత్తు. మ్యాప్‌లో దాని జాడే లేదు. తర్వాత అర్థమైంది: 20 మీటర్లకో గీత వేస్తే, ఆ రెండు గీతల మధ్య 15 మీటర్ల గుండు హాయిగా దాక్కుంటుంది. మట్టికొండల దగ్గర ఈ బాధ ఉండదు. మన దక్కన్ గుట్టలు గుండ్ల మీద గుండ్లు పేర్చినట్టుంటాయి కాబట్టి ఇక్కడ ప్రతిసారీ ఉంటుంది. అందుకే ఇప్పుడు షీటు చూశాక ఉపగ్రహ చిత్రం కూడా తెరుస్తాను. నీడ పొడుగ్గా పడినచోట గుండు ఎత్తుగా ఉందని అర్థం.

రెండో లోపం పాతదనం. 2021 మార్చిలో షీటులో నిండు నీలంగా ఉన్న ఒక చెరువు దగ్గర టెంట్ వేద్దామని రెండు కుటుంబాలు వెళ్లాం. చెరువు స్థానంలో తెల్ల సున్నం గీతలు, నంబర్లు రాసిన హద్దురాళ్లు, ఒక ఆర్చి. వెంచర్! వాచ్‌మన్ మమ్మల్ని ప్లాటు కొనడానికి వచ్చినవాళ్లనుకుని బ్రోచర్ తెచ్చాడు. ఇంకోచోట గుట్టే లేదు, క్వారీవాళ్లు తినేశారు. మ్యాప్‌లో దాని ఎత్తు మాత్రం పదిలంగా ఉంది.

మూడోది నా తప్పే అయినా చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. జిరాక్స్ షాపులో ఏ3 కాగితం మీద ప్రింటు తీయించాను. ఆ అబ్బాయి మ్యాప్ మొత్తం కాగితంలో పట్టేలా కుదించి ఇచ్చాడు. నేను రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు అనుకుంటూ నడిచాను. ఎంత నడిచినా ఊరు రాదు. మ్యాప్ అడుగున స్కేలు పట్టీ ఉంటుంది, దూరం దాంతోనే కొలవండి, వేళ్లతో కాదు.

ఫోన్‌లోకి ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్ వేసుకున్నాను. ఉచితం, సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. నేను ఎక్కడున్నానో అది చెప్తుంది, ఎక్కడికి వెళ్లాలో షీటు చెప్తుంది. మన పల్లెల చుట్టూ కాలిబాటలు ఆ యాప్‌లో తక్కువే.

మిగిలిన చోట్ల గురించి క్లుప్తంగా. అనంతగిరి (వికారాబాద్‌ది, అరకు దారిలోది కాదు) మూసీ పుట్టినచోటు, అనంత పద్మనాభస్వామి గుడి ఉంది, రైల్లో కూడా వెళ్లొచ్చు. మామూలు రోజైతే చాలా బాగుంటుంది. ఆదివారం వెళ్లకండి, నెక్లెస్ రోడ్డే అక్కడికి నడిచొచ్చినట్టుంటుంది. ఆ పక్కన దామగుండం అడవిలో నౌకాదళం వీఎల్‌ఎఫ్ (జలాంతర్గాములతో మాట్లాడే రేడియో) కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది కాబట్టి, షీటులో బాటలు కనబడినా పాతవాళ్లు చెప్పిన దారులు పట్టుకుని పోవద్దు. భువనగిరి ఏకశిల ఎక్కడానికి అద్భుతం. 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ మొదటి పాఠాలు నేర్చుకుంది ఆ బండ మీదే. అది పొద్దున వెళ్లి ఎండ ముదరకముందే దిగాల్సిన చోటు, పడుకునే చోటు కాదు. ఇలాంటి నిట్టనిలువు బండలకు తేనెతుట్టెలు వేలాడుతుంటాయి, సెంటు కొట్టుకుని వెళ్లకండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో సొంత టెంట్ ఆలోచనే వద్దు, మన్ననూరులో అటవీశాఖవాళ్ల కాటేజీలున్నాయి. శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, లెక్క చూసుకుని బయల్దేరండి.

షీటులో ‘ఆర్.ఎఫ్.’ అని ఉంటే రిజర్వు ఫారెస్టు. అటవీశాఖ అనుమతి లేకుండా అందులోకి వెళ్లను. దాని హద్దు ఎక్కడ ఆగుతుందో షీటులో చూసుకుని, బయటున్న చెలకలో, రైతుని అడిగి టెంట్ వేస్తాను. ఇంతవరకు కాదన్న రైతు ఒక్కడే. ఆయనకి కూడా మా మీద కాదు కోపం, అంతకు ముందు వారం వచ్చినవాళ్లు సీసాలు పగలగొట్టి పోయారట. ఎద్దు కాలికి గాజు గుచ్చుకుందని చూపించాడు. నాకు నోట మాట రాలేదు.

ఇక షీటులో ఎప్పటికీ ఉండనిది ఒకటి చెప్పాలి. గాలి ఎటునుంచి వస్తుందో, రాత్రి తేళ్లు ఎక్కడ తిరుగుతాయో మేకల కాపరికి తెలుస్తుంది. పోయిన మాఘంలో రాచకొండ కింద గుండ్ల మధ్య టెంట్ విప్పుతుంటే ఒక పెద్దాయన వచ్చి కర్ర మీద గడ్డం ఆనించి చాలాసేపు చూశాడు.

‘గీడ పండుకుంటరా బిడ్డా? రాత్రి గాలికి లేచిపోతది. గా మర్రికాడికి పోండ్రి, బోరింగు సుత ఉన్నది.’

‘సరే పెద్దయ్యా’ అని, ఊరికే ఉండలేక మ్యాప్ చూపించాను. పేర్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, నేను చదివి వినిపించాను. ఒక్కో ఊరి పేరునీ ఆయన సరిచేస్తూ పోయాడు, ‘గట్ల కాదు’ అంటూ. తర్వాత కాగితాన్ని తనే అందుకుని తలకిందులుగా తిప్పి పట్టుకున్నాడు. గుట్ట ఎదురుగా ఉన్నది కాబట్టి అది పైన ఉండాలని ఆయన లెక్క. నిజానికి మ్యాప్ చూడాల్సిన తీరు అదే, నాకు రెండేళ్లు పట్టింది నేర్చుకోవడానికి.

‘మా దొన ఏది?’ అన్నాడు. దొన అంటే బండలో నీళ్లు నిలిచే గుంట. లేదన్నాను. గుట్ట నడుము దగ్గర గోరుతో నొక్కి చూపించాడు. ఎండాకాలంలో కూడా మేకలు అక్కడే తాగుతాయట. గోరు గుర్తు పోకముందే పెన్సిల్‌తో సున్నా చుట్టాను. తెల్లారి టీ నీళ్లు అక్కడినుంచే తెచ్చాం.