పాత బ్రౌనింగ్ ఆటో-5: తుపాకీ బంగారమే, స్టీల్ తూటాలు మాత్రం వద్దు

పాత ఆటో-5, అంటే బ్రౌనింగ్ పేరుతో వచ్చిన, తనంతట తానే మళ్లీ లోడయ్యే షాట్‌గన్ (చిన్న గుండ్లు నింపిన తూటాలు కాల్చే తుపాకీ), అమ్మకానికి కనబడితే చాలామంది ముందు చెక్క చూస్తారు, తర్వాత బారెల్ మీద నీలం పూత ఎంత మిగిలిందో చూస్తారు. నేను రిసీవర్‌కి (తుపాకీ యంత్రాంగం ఉండే మధ్య భాగానికి) దగ్గరగా బారెల్ మీద కొట్టిన చిన్న నక్షత్రాల్ని వెతుకుతాను. అవి చెప్పేది చోక్, అంటే బారెల్ చివర ఇరుకు ఎంతో. ఒక్క నక్షత్రమే ఉంటే ఫుల్ చోక్, అన్నిటికంటే ఇరుకు; అక్కణ్ణుంచి తగ్గుతూ పోతుంది. నక్షత్రం పక్కన గీత ఉంటే ఇంప్రూవ్డ్ మాడిఫైడ్. రెండు నక్షత్రాలు మాడిఫైడ్, రెండు నక్షత్రాలూ గీతా అయితే ఇంప్రూవ్డ్ సిలిండర్, మూడైతే చోక్ లేని సిలిండర్. ఈ తుపాకీతో మీరేం కాల్చొచ్చో, ఏం కాల్చకూడదో సగం అక్కడే తేలిపోతుంది.

నా దగ్గరున్నది బెల్జియంలో ఎఫ్ఎన్ కంపెనీ చేసిన 12 గేజ్ (గేజ్ అంటే బారెల్ లోపలి వెడల్పు కొలత), ఒక్క నక్షత్రంది. జాన్ బ్రౌనింగ్ డిజైన్ చేసిన ఈ మోడల్ 1900ల మొదట్లో మొదలై 1998 దాకా తయారైంది. రిసీవర్ వెనక నిటారుగా తెగినట్టుండే ఆ మూపు వల్ల దీన్ని ఎవరైనా దూరం నుంచే గుర్తుపడతారు. మొదట్లో వికారంగా అనిపిస్తుంది గానీ, భుజానికెత్తాక చూపు ఆ చదునైన వీపు మీదుగా తిన్నగా ముందుకు పోతుంది. కొత్త తుపాకుల్లో ఈ సుఖం నాకు దొరకలేదు.

కాల్చినప్పుడు అనుభవం వేరు. బారెల్, దాన్ని వెనక నుంచి మూసే బోల్ట్ రెండూ కలిసి తూటా పొడవుని మించి వెనక్కి జరుగుతాయి. తర్వాత బారెల్ ఒక్కటే ముందుకెళ్తుంది, ఖాళీ తూటా బయటపడుతుంది, ఆ వెనకే బోల్ట్ కొత్త తూటాని లోపలికి తోస్తుంది. భుజానికి ఒక దెబ్బ కాదు, దెబ్బా దాని తోకా రెండూ తగులుతాయి. కొందరికి ఇది నచ్చదు. నాకు అలవాటైపోయింది.

ఆ వెనక్కి జరగడాన్ని అదుపులో పెట్టేవి ముందు చెక్క కింద, మ్యాగజైన్ గొట్టం మీద ఉండే స్ప్రింగు, ఉక్కు రింగు, కంచు ముక్క. తేలిక లోడ్లకి (మందూ గుండ్లూ తక్కువున్న తూటాలకి) ఉక్కు రింగుని స్ప్రింగు వెనకాల, రిసీవర్ వైపు పెట్టాలి. బరువు లోడ్లకి అదే రింగుని స్ప్రింగుకీ కంచు ముక్కకీ మధ్య, వాలు వైపు కంచుకి తగిలేలా పెట్టాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు మొట్టమొదట విప్పి చూడాల్సింది ఇదే. రింగు తేలిక లోడ్ల చోటులో ఉండగా బరువు తూటాలు కాలుస్తూ పోతే ముందు చెక్క చీలుతుంది.

ఇక్కడే ఒక అపోహ. రింగుని బరువు లోడ్ల చోటుకి మారిస్తే స్టీల్ తూటాలకి (సీసానికి బదులు స్టీల్ గుండ్లు నింపినవాటికి) కూడా తుపాకీ సిద్ధమైనట్టేనని ఒక అమ్మకందారు నాతో ధీమాగా అన్నాడు. రింగుకి తెలిసింది రీకాయిల్, అంటే వెనక్కి తన్నే తోపు, ఒక్కటే. స్టీల్‌తో వచ్చే ఇబ్బంది బారెల్ అవతలి కొసన ఉంటుంది.

ఆ ఇబ్బంది ఏమిటంటే, ఫుల్ చోక్ అంటే 12 గేజ్‌లో బారెల్ చివర సుమారు 1 మి.మీ. ఇరుకు చేసి ఉంటుంది. మాడిఫైడ్‌లో దాదాపు సగం, ఇంప్రూవ్డ్ సిలిండర్‌లో పావు. సీసం మెత్తన. ఆ ఇరుకులోకి వచ్చేసరికి గుండ్లు కాస్త నలిగి, ఒకదాన్నొకటి ఒత్తుకుని జారిపోతాయి. స్టీల్ గుండు నలగదు. గరాటులో గోలీలు బిగుసుకున్నట్టు అడ్డంగా బిగుసుకుని, ఆ తోపు మొత్తం గోడ మీద వేస్తుంది. పాత బారెల్ ఉక్కు ఇప్పటి వాటికంటే మెత్తన, కొస వైపు గోడ పల్చన. దాంతో చోక్ మొదలయ్యే చోట బారెల్ బయటికి ఉంగరంలా ఉబ్బుతుంది. ఇది ఒక్క దెబ్బకి జరగనక్కర్లేదు, కొంచెం కొంచెంగా పెరుగుతుంది. చూడాలంటే తుపాకీ ఖాళీ అని రెండుసార్లు నిర్ధారించుకుని, బారెల్ విప్పి, కిటికీ వెలుతురు బారెల్ వెంట పడేలా పట్టుకుని మెల్లగా తిప్పండి. వెలుగు గీత ఎక్కడా వంకర పోకుండా సాగితే సరే. కొసకి కొంచెం ఇవతల గీత తడబడి మళ్లీ సర్దుకుందంటే ఉబ్బు మొదలైనట్టే. వేలికి తెలియకముందే కంటికి తెలుస్తుంది.

"తూటా మీద రాసిన ప్రెషర్ మామూలే కదా" అని వాదించేవాళ్లున్నారు. నిజమే, అమెరికా ప్రమాణాల ప్రకారం 2¾ అంగుళాల 12 గేజ్ స్టీల్ తూటాకీ సీసం తూటాకీ ఛాంబర్‌లో (తూటా కూర్చునే చోట) గరిష్ఠ ఒత్తిడి ఒకటే, 11,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). కానీ ఆ అంకె ఛాంబర్ గురించి, చోక్ గురించి కాదు. బ్రౌనింగ్ కంపెనీ సలహా కూడా సూటిగా ఉంది: బెల్జియంలో తయారైన పాత ఆటో-5 బారెళ్లలో స్టీల్ కాల్చొద్దు. వాళ్ల పాత డబుల్ బారెల్ మోడల్ సూపర్‌పోజ్డ్‌కీ అదే మాట. తయారుచేసినవాడే వద్దన్నాక నేను తర్కం పెట్టుకోను.

మరి సీసం కాల్చుకుంటే సరిపోదా? కాగితం మీదికీ, మట్టి పళ్లాల మీదికీ అనుమతి ఉన్నచోట సరిపోతుంది. బాతుల వేటకి కుదరదు. నేలమీద పడ్డ సీసపు గుండ్లని బాతులు గులకరాళ్లతో పాటు మింగుతాయి, కందనకాయలో అవి అరిగి విషం ఎక్కుతుంది. అందుకే అమెరికాలో నీటిపక్షుల వేటకి 1991 నుంచి దేశమంతా సీసం నిషేధం. ఇంగ్లండ్‌లో 1999లో ఆంక్షలొచ్చాయి, యూరోపియన్ యూనియన్ చిత్తడి నేలల్లో 2023 ఫిబ్రవరి నుంచి. నియమం న్యాయమైనదే. పాత తుపాకీ ఉందని దానికి మినహాయింపు అడగడం నాకు నచ్చదు.

నేను వాడేది బిస్మత్ తూటాలు. బిస్మత్‌లో కాస్త తగరం కలిపి చేస్తారు. సాంద్రత ఘన సెంటీమీటరుకి 9.6 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, సీసం 11 పైన, స్టీల్ 7.8. మెత్తదనంలో సీసానికి దగ్గర కాబట్టి ఫుల్ చోక్‌లోంచి హాయిగా పోతుంది. సీసంలో వాడే సైజు కంటే ఒక సైజు పెద్దది తీసుకుంటే చాలు. స్టీల్ అయితే రెండు సైజులు పెంచాలి. కాగితం పెట్టి 40 గజాల నుంచి కాల్చి చూస్తే నా బారెల్‌లో గుండ్లు మధ్యలో చిక్కగా, అంచుల్లోనూ పెద్ద ఖాళీలు లేకుండా పడుతున్నాయి. ధర మాత్రం కడుపు మండిస్తుంది. అందుకే ఆచితూచి కాలుస్తున్నాను, బహుశా గురి కూడా అందువల్లే బాగుపడింది.

పెట్టె లేని, అక్షరాలు చెరిగిన పాత తూటాలు చేతికొస్తే అయస్కాంతం తీయండి. అడుగున ఉండే లోహపు టోపీ దగ్గర కాదు, అది చాలాసార్లు ఇనుమే ఉంటుంది. ప్లాస్టిక్ గొట్టం ముందు సగానికి ఆనించండి. లాగితే లోపలున్నది స్టీలో, ఇనుము కలిసిన మరో గట్టి లోహమో. రెండూ ఈ బారెల్‌కి పనికిరావు. లాగకపోతే సీసమో బిస్మతో అయస్కాంతానికి అంటని మరో గట్టి లోహమో తేలదు, కాబట్టి కాల్చకండి.

చోక్ తెరిపించుకోవడం ఇంకో దారి. గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) లోపల రీమర్ అనే కోత పనిముట్టు వేసి ఇరుకు తగ్గిస్తాడు. ముందు కొలవాలి: బారెల్ మొన దగ్గరి వ్యాసం ఒక్కటే చాలదు, చోక్‌కి ఇవతల లోపలి రంధ్రం, అంటే బోర్, వ్యాసం కూడా కావాలి, ఆ రెండిటి తేడాయే చోక్. మొనలో నాణెం పెట్టి చూసి చెప్పేవాళ్లని నమ్మొద్దు, బోర్లు అన్నీ ఒకే కొలత ఉండవు. తెరిపించినా బారెల్ ఉక్కు మారదు, కంపెనీ మాటా మారదు, పైగా పాత తుపాకీగా దాని విలువ పడిపోతుంది. నేనైతే చేయించను.

పక్కమాట ఒకటి, యూరప్ డబుల్ బారెళ్లు ఉన్నవాళ్ల కోసం. అక్కడి ప్రమాణంలో 12 గేజ్ స్టాండర్డ్ స్టీల్ అంటే గుండు 3.25 మి.మీ. దాటకూడదు, వేగం సెకనుకి 425 మీటర్లు, ఒత్తిడి 740 బార్ లోపు. నైట్రో ప్రూఫ్ అయి (పొగలేని మందుతో పరీక్షకి నిలిచి), మంచి స్థితిలో ఉండి, హాఫ్ చోక్ (అంటే మాడిఫైడ్) దాటని తుపాకీకి ఇది సాధారణంగా ఒప్పుకుంటారు. హై పెర్ఫార్మెన్స్ స్టీల్‌కి బారెల్ మీద లిల్లీ పువ్వు ప్రూఫ్ గుర్తు ఉండి తీరాలి. ఇనుము, ఉక్కు పట్టీలు చుట్టి అతికిన పాతకాలపు డమాస్కస్ బారెళ్ల ఊసే ఎత్తొద్దు.

స్టీలే కాల్చాలని పట్టుదల ఉంటే ఆటో-5లోనే మార్గముంది: జపాన్‌లో మిరోకు చేసిన, చోక్ మార్చుకునే ఇన్వెక్టర్ బారెల్. అందులో మాడిఫైడ్ గానీ అంతకంటే వెడల్పుది గానీ బిగించండి. స్టీల్ ఎలాగూ సీసం కంటే దగ్గరదగ్గరగా పడుతుంది, ఫుల్‌తో పనే లేదు. బారెల్ కొనేముందు మీ ఆటో-5 లైట్ ట్వెల్వ్ రకమో, మ్యాగ్నమ్ రకమో చూసుకోండి, ఒకదానిది ఇంకోదానికి పెట్టకూడదు. ముందు చెక్క దగ్గర కాస్త సవరణ అవసరం కావచ్చు, అది గన్‌స్మిత్ చేతే చేయించండి. 16 గేజ్ కొనేవాళ్లు ఛాంబర్ కూడా కొలిపించుకోవాలి. పాతవాటిలో 65 మి.మీ.వి ఉన్నాయి, వాటిలో ఇప్పటి 70 మి.మీ. తూటా మూతి పూర్తిగా విచ్చుకునే చోటుండదు.