టోటెం స్తంభాల కోసం అలర్ట్ బే దాకా

కెనడాలో వాంకూవర్ వెళ్ళినవాళ్ళంతా స్టాన్లీ పార్కులో టోటెం స్తంభాల ముందు ఫొటో దిగుతారు. అక్కడి ఆదివాసులు వంశ చిహ్నాలు చెక్కి నిలబెట్టే పెద్ద చెక్క స్తంభాలవి. మేమూ దిగాం. టికెట్ లేదు గానీ పార్కింగ్‌కి కట్టాలి. టూరిస్టు బస్సుల జనంలో పది నిమిషాల్లో చూసేశాం. రంగులు బాగున్నాయి అనుకున్నాం, అంతే.

విక్టోరియాలో మ్యూజియం పక్కనే ఉన్న థండర్‌బర్డ్ పార్కు నయం, ప్రశాంతంగా ఉంది. అక్కడి పెద్ద చెక్క ఇంటిని క్వాక్వాకవాక్ అనే ఆదివాసి జాతి శిల్పి మంగో మార్టిన్ 1953లో పూర్తిచేశాడు. వంశం పేర్లు, హక్కులు పదిమందిలో చాటి, వచ్చినవాళ్ళకి కానుకలు పంచే పొట్లాచ్ వేడుకని కెనడా 1885 నుంచి 1951 దాకా నిషేధించింది. ఈ ఇంటి గృహప్రవేశానికి ఆయన బాహాటంగా పొట్లాచ్ చేశాడు.

అక్కణ్ణుంచి పోర్ట్ మెక్‌నీల్‌కి కారులో ఆరు గంటలు. రాత్రి దిగిన మోటెల్ దండగ. హీటరు తెల్లవార్లూ టకటకలాడుతూనే ఉంది. పొద్దున ఫెర్రీ ముప్పావుగంటలో అలర్ట్ బేలో దింపింది. చిన్న దీవి మీద ఉన్న క్వాక్వాకవాక్ వాళ్ళ ఊరది. కారు ఇవతలే వదిలేయండి, ఊరంతా నడిచి చూడొచ్చు. తిండికి మాత్రం అత్తయ్య కలిపిచ్చిన పులిహోరే దిక్కయింది.

అక్కడి క్వాక్వాకవాక్ సాంస్కృతిక కేంద్రం ఉమిస్టాలో, 1921 నాటి పొట్లాచ్ తర్వాత అధికారులు పట్టుకుపోయిన ముసుగులున్నాయి. వాటికి అద్దాల పెట్టెల్లేవు. ఇన్నేళ్ళు బందీగా ఉన్నది చాలని అలా పెట్టారట. ఒక బొంతకాకి ముసుగుకి మూరెడు పైనే ముక్కు, కింద సెడార్ నార కుచ్చులు. శ్మశానంలోని స్తంభాలని రోడ్డు మీంచే చూడాలి, లోపలికి వెళ్ళకూడదు. ఒరిగి పడిపోయినవాటిని మళ్ళీ ఎత్తి నిలబెట్టరు.

కేంద్రంలో ఒకావిడ ఓపిగ్గా చెప్పింది: స్తంభం మీద ఏ బొమ్మ ఉండాలో ఆ వంశానికున్న హక్కుని బట్టే. చెక్కే పనీ ఇళ్ళల్లోనే నడిచింది. చార్లీ జేమ్స్ తన భార్య మొదటి పెళ్ళి కొడుకు మంగోకి, మనవరాలు ఎలెన్ నీల్‌కి నేర్పాడు. మంగో దగ్గర అల్లుడు హెన్రీ హంట్, మనవడు టోనీ నేర్చుకున్నారు.

ఆఖరి రోజు మళ్ళీ స్టాన్లీ పార్కుకే వెళ్ళాం. ఎలెన్ నీల్ 1955లో చెక్కిన స్తంభం అక్కడే ఉంది. చార్లీ జేమ్స్ చెక్కిన స్తంభానికి టోనీ హంట్ 1987లో చేసిన నకలూ అక్కడే. మొదటిసారి ఫొటోలు తీస్తే రెండూ మా వెనక మసగ్గా పడ్డాయి. ఈసారి పార్కింగ్‌కి రెండు గంటలకి కట్టాం.